ఫిలిప్ అడిగిన ట్యూబు

ఉట్నూర్ అవతల అడవి ఊళ్లలో ఉన్న ఒక ఆరోగ్య సబ్‌సెంటర్‌కు బదిలీ అయినట్టు కాగితం చేతికి వచ్చినప్పుడు ప్రిస్కిల్లా ఎవరితోనూ వాదించలేదు. పద్దెనిమిదేళ్లుగా కరీంనగర్ చుట్టుపక్కలే ఏఎన్‌ఎంగా పనిచేసింది. ఈసారి తన వంతు వచ్చిందనుకుంది. కొత్తచోట అయిదారు గూడేలు తిరగాలి. అక్కడ బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అందుకని ఇంట్లో ఉన్న మోటార్‌సైకిల్‌ని తనే నడుపుకుంటూ పోదామని నిశ్చయించుకుంది.

ఆ బండి ఆమె భర్త ఫిలిప్‌ది. అతను పోయి ఏడాది దాటింది. విత్తనాల కంపెనీలో సేల్స్ పని చేసేవాడు. ఇచ్చోడలో అక్క జమున దగ్గర ఉంటున్న తల్లిని చూడటానికి ఈ బండి మీదే బయలుదేరాడు. జన్నారం దాటాక అడవిలో వెనక టైరు గాలి ఒక్కసారిగా పోయింది. బండి అదుపు తప్పి, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గోడకు గుద్దుకుంది. పోలీసులు రాసిన పంచనామాలో ఒక వాక్యం ఉంది. వెనక ట్యూబుకు వాల్వు పక్కన వేసిన అతుకు ఊడిపోయి ఉన్నది.

ఆ వాక్యం ప్రిస్కిల్లాకు కంఠతా వచ్చు. ఫిలిప్ చేతి పొదుపు మనిషి. తెగిన చెప్పును మూడుసార్లు కుట్టించేవాడు. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడేవాడు. బతికుండగా అది ఇంట్లో నవ్వుకునే సంగతి. చనిపోయాక అదే ఆమెకు విషమైంది. "కొత్త ట్యూబు కొన చేతులు రాలే. గంతే" అని సమాధుల తోటలో, మట్టి ఇంకా తడిగా ఉండగానే, అత్త సత్తవ్వ ముందర అనేసింది. తర్వాత ప్రతి ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే, ప్రిస్కిల్లా కళ్లు మూసుకుని చనిపోయిన మనిషితో కొట్లాడేది.

బండి మీద పోతానంటే తమ్ముడు జాన్సన్ మొదట ఒప్పుకోలేదు. ఆ బండిని రిపేరు చేయించింది అతనే. అమ్మేద్దామని చాలాసార్లు చెప్పాడు. చివరికి అక్క వినదని తేలిపోయాక, "పోతె పో గని, ముందుగాల రెండు టైర్లకు హెవీ ట్యూబులు ఏయించు" అన్నాడు. "రాయపట్నం రోడ్డుల రహీమ్ అని ఒకాయన ఉంటడు. లడాఖ్ దాకా పోయే పోరగాళ్లు సుత ఆయన దగ్గర్నే ఏయించుకుంటరు."

*

రహీమ్ దుకాణం ఊరు దాటుతూ చొప్పదండి వైపు పోయే దారిలో ఉంది. ఒకే షట్టరు. లోపల మొలలకు వరసగా ట్యూబులు వేలాడుతున్నాయి. బయట కంప్రెసరు, పంచరు చూసే నీళ్ల తొట్టి. రహీమ్‌కు అరవై దగ్గర పడ్డాయి. సన్నగా ఉంటాడు. చిన్న పీట మీద కూర్చుని ఎవరిదో చక్రం విప్పుతున్నాడు.

ప్రిస్కిల్లా బండి ఆపగానే తలెత్తాడు. ఆమెను చూడలేదు, బండిని చూశాడు. వెనక మడ్‌గార్డు మీద రేడియం స్టిక్కరుతో అంటించిన శిలువ ఉంది. దాని ఒక చెయ్యి లేచిపోయింది. రహీమ్ చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాడు.

"ఎవరి బండమ్మా ఇది?"

"మాదే చాచా."

"నడిపేది?"

"నేనే. ఉట్నూర్ అవతలికి పోవాలె. రెండు టైర్లకు మంచి ట్యూబులు కావాలె. ఇంకో మాట. అవి ఎట్ల ఎక్కిస్తరో నాకు జర నేర్పు. అక్కడ అడవిల పంచరైతె నేనే మార్చుకోవాలె గద."

ఆడమనిషి ఇలా అడగటం అతను వినడం అదే మొదటిసారి కావచ్చు. కానీ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "నేర్పుత బిడ్డా" అని లేచి లోపలికి పోయాడు. నాలుగు ట్యూబులు తేవటానికి పట్టాల్సిన దానికన్నా చాలా ఎక్కువసేపు లోపలే ఉండిపోయాడు.

వచ్చాక ఒక మామూలు ట్యూబును, ఒక హెవీ ట్యూబును ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. "రెండు వేళ్లతోని నలిపి చూడు" అన్నాడు. మామూలుది వేళ్ల మధ్య బట్టలా నలిగింది. రెండోది నలగలేదు, బరువుగా ఆనింది.

"మందం ఉంటె సాలదు బిడ్డా. కొలత చూడాలె. టైరు మీద ఏ నంబరు ఉంటదో గదే నంబరు ట్యూబు. పెద్దది మంచిదని కుక్కితె లోపట మడత పడ్తది. గా మడత కాడ్నే కొరుక్కుంటది. గిప్పుడు వాల్వు మొదలు చూడు. తిప్పి చూడు. ఇక్కడ రబ్బరు పలచగ ఉంటె ఎంత హెవీ అయినా దండుగ."

"గిది ఏస్తె పంచరు కాదా?"

"ఎందుకు కాదు? మొల దిగితె అయితది. కాని దీంట్ల గాలి మెల్లగ దిగుతది. బండి ఆపుకునే టైమిస్తది మనిషికి."

చివరి మాట అంటూ అతను కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందేమో అనుకుంది ప్రిస్కిల్లా.

ముందు చక్రం అతను వేసి చూపించాడు. వెనక చక్రం ఆమెకు అప్పజెప్పాడు. టైరు అంచును తొక్కి వదులు చేయటం, ఇనుప లీవర్లతో ఒక పక్క ఎత్తటం, పాత ట్యూబు లాగేయటం, అన్నీ ఆమె చేతులతోనే చేయించాడు. కాన్పులు చేసిన చేతులు కాబట్టి ఆమెకు జంకు లేదు. చూడకుండా, తడిమి తెలుసుకోవటం ఆ చేతులకు అలవాటే.

"గిప్పుడు టైరు లోపట చెయ్యి పెట్టి చుట్టంత తడుము. ముల్లు మొన ఉంటె వేలికి తెలుస్తది. పాత ముల్లు ఉంచి కొత్త ట్యూబు ఏస్తె ఏం లాభం?"

ఆమె తల వంచి తడుముతూ ఉంది. రహీమ్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పౌడరు డబ్బా చేతిలో పట్టుకుని ఉన్నాడు, మూత తీయలేదు.

"బిడ్డా, నిరుడు గీ బండి నా దగ్గరికి వచ్చింది."

ఆమె చెయ్యి టైరు లోపలే ఆగిపోయింది.

"వాల్వు పక్కన అతుకేసింది నేనే."

ప్రిస్కిల్లా అలసిపోయినట్టు, "కొత్తది ఏయమంటె ఆయన వద్దని ఉంటడు. నాకెరికే ఆయన సంగతి" అంది.

"లే బిడ్డా. వద్దనలే." రహీమ్ తల అడ్డంగా ఊపాడు. "ఆయన్నే అడిగిండు. హెవీ ట్యూబు ఉందా చాచా, పైసలు ఎన్నైనా సరే, అడవి తొవ్వల పోవాలె అన్నడు. నేను లేదన్న. ఉండె. గా మొలకే ఉండె, గదే నంబరు. గా నంబరుల మామూలు ట్యూబులు సుత అయిపోయినయి. దూరం పోయే పిలగాడెవరో ఫోన్ల పక్కకు పెట్టుమన్నడు. వానికి మాటిచ్చిన. అందుకని ఈయనకు లేదని చెప్పిన. వాల్వు కాడ అతుకు నిలవదని నాకు తెల్వదా? నలభై ఏండ్ల సంది గిదే పని. లక్షెట్టిపేటల మార్చుకో అని చెప్పి పంపిన. అక్కడ దొరికిందో లేదో, అడిగిండో లేదో."

"గా పిలగాడు వచ్చిండా?"

"రాలే. నాలుగొద్దులకు ఫోన్ చేసి వద్దన్నడు."

"మరి గా ట్యూబు?"

"ఎవరికో అమ్మిన. ఎవరికో సుత యాదికి లేదు. పేపర్ల బండి ఫోటో చూసిన. శిలువ చూసి గుర్తుపట్టిన. ఎవ్వరికి చెప్పలే. ఇంట్ల మా ఆమెకు సుత చెప్పలే."

ప్రిస్కిల్లా చేతులు బయటికి తీసింది. మోచేతుల దాకా నల్లబడి ఉన్నాయి. తుడుచుకోకుండానే లేచింది. చక్రం నేల మీదే పడి ఉంది, బండి స్టాండు మీద ఉంది. ఆమె రోడ్డెక్కి ఊరి వైపు నడిచింది. రహీమ్ వెనక నుంచి పిలవలేదు.

*

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఎండ గదిలోకి వాలి ఉంది. నల్లా కింద చేతులు కడుక్కుంటూ, ఎవరూ లేని ఇంట్లో, "అడిగినవా?" అంది పైకే.

కోపం వెంటనే రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. ఏడాదిపాటు ఒక మనిషి మీద లేని నింద మోపింది. అదీ జవాబు చెప్పుకోలేని మనిషి మీద. సమాధి దగ్గర తాను అన్న మాట, అది వింటూ నిలబడిన అత్త ముఖం, రెండూ కళ్ల ముందుకొచ్చాయి. ఏడ్చింది. భర్త పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. ఆ రోజు ఏడుపులో సగం కోపమే ఉంది.

తెల్లారి లేచాక రహీమ్ మీద కోపం వచ్చింది. ఒక్క మాట. లేదు అనే ఒక్క మాట అనకుండా ఉంటే సరిపోయేది కదా. కానీ నిన్న అతను నోరు తెరిచి చెప్పకపోతే ఫిలిప్ అడిగాడన్న సంగతి తనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఈ రెండు సంగతులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోలేదు. రెండూ అలాగే ఉండిపోయాయి. ఆమె చీర మార్చుకుని ఆటో ఎక్కింది.

చక్రం నిన్న వదిలిన చోటే ఉంది. రహీమ్ దాన్ని ముట్టుకోలేదు. అతని పక్కన భార్య బిస్మిల్లా బీ కూర్చుని ఉంది. ప్రిస్కిల్లాను చూడగానే లేచి నిలబడింది.

"నిన్న నాతోని చెప్పిండు బేటీ" అంది. "ఏడాది సంది తిండి తింటలేడు, చిక్కిపోతుండు. షుగర్ వచ్చిందేమోనని ఎన్ని దవాఖాన్లు తిప్పిన. ఏ పరీక్షల ఏం కనపడలే." ప్రిస్కిల్లా చెయ్యి పట్టుకుని, మళ్లీ వదిలేసింది.

రహీమ్ తల ఎత్తలేదు. "ఇంకో దుకాణంల ఏయించుకుంట అంటె నేనే తీస్కపోత బండిని" అన్నాడు.

"వద్దు." ప్రిస్కిల్లా చక్రం ముందు కూర్చుంది. "మాఫ్ చేసిన అని చెప్పలేను చాచా. గట్ల చెప్తె అబద్ధమైతది. కాని మొదలుపెట్టిన పని పూర్తి చేద్దాం. చెప్పు, ఇంక ఏం చెయ్యాలె?"

రహీమ్ పీట ముందుకు జరుపుకుని చెప్పటం మొదలుపెట్టాడు. చక్రం స్పోకు పుల్లల కొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ము చుట్టూ రబ్బరు పట్టీ సరిగ్గా కూర్చోవాలి. ట్యూబుకు పౌడరు రాయాలి. గుండ్రంగా నిలబడేంత కొద్దిగా గాలి కొట్టి, ముందు వాల్వును దాని బెజ్జంలో పెట్టాలి. టైరును వాల్వుకు ఎదురు పక్క నుంచి ఎక్కిస్తూ వచ్చి వాల్వు దగ్గర ముగించాలి.

ఆమె అలాగే చేసింది. చివరి జానెడు టైరు ఎక్కనని మొరాయించింది. లీవరు పెట్టి బలంగా లేపింది. టైరు టప్పున కూర్చుంది. గాలి కొడితే సర్రుమని పోయింది.

"విప్పు" అన్నాడు రహీమ్.

ట్యూబు మీద ఎలుక కొరికినట్టు పక్కపక్కనే రెండు చిన్న గాట్లు ఉన్నాయి.

"లీవరు లోపటిదాకా దింపినవ్, ట్యూబు కరిసింది. చివరికి వచ్చినంక లీవరుతోని పని లేదు. ఎదురు పక్క మోకాలు పెట్టి టైరును రిమ్ము నడుమకు తొక్కు. ఇక్కడ దానంతట అదే వదులైతది. అప్పుడు అరచేతులతోనే నూకు."

ఇంకో కొత్త ట్యూబు తెచ్చి ఇచ్చాడు. రెండోసారి ఆమె లీవరు పక్కన పెట్టేసి మోకాలు ఆనించి తొక్కింది. అరచేతులు మంటెత్తాయి. టైరు మెల్లగా లోపలికి జారింది. వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలమన్నాడు, అంచు కింద ట్యూబు ఇరుక్కుంటే బయటికి రావటానికి. నిండా గాలి కొట్టించి, మొత్తం తీసేయించి, మళ్లీ కొట్టించాడు. లోపల ముడతలుంటే పోతాయట.

"వాల్వు నట్టు బిగియ్యకు. జర వదులుగ ఉంచు. టైరు జారుతె వాల్వు వంకర పోతది. నీకు కంటికి కనపడ్తది. వంకర చూసినవా, ఆగు. ఎంత అర్జెంటున్నా ఆగు."

"ఆగుత" అంది ప్రిస్కిల్లా.

మధ్యాహ్నందాకా ఆ చక్రాన్ని ఇంకో రెండుసార్లు విప్పి బిగించింది. అతను అడగలేదు, ఆమే చేసింది. ఒక స్పేర్ ట్యూబును బట్టలో చుట్టి, లీవర్లు, చేతిపంపు సంచిలో సర్దుకుంది. బిస్మిల్లా బీ చాయ్ ఇచ్చింది. ముగ్గురూ చక్రం పక్కనే కూర్చుని తాగారు.

*

సోమవారం పొద్దున్నే బయలుదేరింది. రాయపట్నం వంతెన మీద గోదావరి చల్లగాలి కొట్టింది. లక్షెట్టిపేటలో ఆగి రెండు టైర్లనూ అరచేత్తో తాకి చూసింది. గోరువెచ్చగా ఉన్నాయి. అక్కడ రోడ్డు పక్కన టైర్ల దుకాణాలు రెండు కనిపించాయి. ఫిలిప్ ఇక్కడ ఆగాడా, అడిగాడా, లేదా తల్లిని చూసే తొందరలో ముందుకు పోయాడా? అడగటానికి ఎవరూ లేరు. ఆ ఒక్క సంగతి తనకు ఎప్పటికీ తెలియదని ఒప్పుకుని బండి తీసింది.

జన్నారం దాటాక టేకు చెట్లు రెండు పక్కలా దగ్గరికొచ్చాయి. ఆ మోరీని ఆమె ఎప్పుడూ చూడలేదు. జాన్సన్ చెప్పిన గుర్తులను బట్టి పోల్చుకుంది. గోడకు కొత్తగా సున్నం కొట్టారు. ఎక్కడ గుద్దుకున్నాడో తెలియటానికి గీత కూడా లేదు. బండి దిగి ఆ గోడ మీద కూర్చుంది. కింద సన్నగా నీళ్లు పారుతున్నాయి.

"నేను తప్పుగ అనుకున్న" అంది. "నీదే తప్పనుకున్న."

ఉట్నూర్ వైపు పోతున్న జీపు ఒకటి పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమైందక్కా, పంచరా?" అని అడిగాడు.

"కాదు. బండి మంచిగనే ఉంది" అంది.

*

ఆ ఆదివారం ఇచ్చోడ వెళ్లి సత్తవ్వకు అంతా చెప్పింది. చెప్పటం తేలిక కాలేదు. సత్తవ్వ మంచం మీద కూర్చుని, కోడలి ముఖం చూడకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని వింది.

"ఆయన పిసినారితనం చెయ్యలే అత్తా. అడిగిండు. నేనే నోరు జారిన, నీ ముందట."

సత్తవ్వ తల తిప్పి కోడలి వైపు చూసింది. "వాని పేరేంది?" అంది.

"రహీమ్."

"నేను వాన్ని చూడాలె."

వద్దని జమున చెప్పింది. ప్రిస్కిల్లా కూడా కొన్ని వారాలు దాటవేసింది. డెబ్బై దాటిన మనిషి, రోడ్డు మీద గొడవ చేస్తే ఎలా అని భయపడింది. సత్తవ్వ ఫోన్ చేసిన ప్రతిసారీ అదే మాట. చివరికి క్రిస్మస్‌కు ముందు బస్సులో కరీంనగర్ తీసుకుపోయింది.

దుకాణం ముందు ఆటో దిగగానే రహీమ్ గుర్తుపట్టి పీట మీద నుంచి లేచాడు. ప్రిస్కిల్లా, "మా అత్త. ఫిలిప్ వాళ్ల అవ్వ" అంది. రహీమ్ చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు.

"నువ్వేనా?" అంది సత్తవ్వ.

"నేనే అమ్మా."

"నువ్వు చేసింది దేవుడు చూసుకుంటడు. గది నా పని కాదు." ఆమె కర్రను గోడకు ఆనించింది. "నా కొడుకు నీ దగ్గర ఎంతసేపు ఉన్నడు?"

రహీమ్‌కు మొదట అర్థం కాలేదు. "అర్ధగంట అమ్మా. జర ఎక్కువనే."

"నిలబడ్డడా, కూసున్నడా?"

"కూసున్నడు. గీ పీట మీదనే."

సత్తవ్వ ఆ పీట మీద కూర్చుంది. "నువ్వు ఆఖరుకు చూసినోనివి. మాకెవ్వలకు వాడు దొరకలే. ఏం మాట్లాడిండో చెప్పు."

రహీమ్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఫిలిప్ చాయ్ తాగాడని, చక్కెర తక్కువ అడిగాడని చెప్పాడు. బండి వెనక మిక్సీ డబ్బా ఉందని, "మా అవ్వకు చేతులు గుంజుతున్నయి చాచా, ఇగ రోటి కాడ కూసోనియ్య" అన్నాడని చెప్పాడు. "డబ్బ కదులుతుండె. నేను పాత ట్యూబు కోసి పట్టీలు చేసి గట్టిగ కట్టిన. మంచిగ కట్టినవ్ చాచా అని భుజం మీద చెయ్యేసిండు."

"మిక్సీ పగల్లే" అంది సత్తవ్వ. "గా రబ్బరు పట్టీలతోనే పోలీసోళ్లు తెచ్చిచ్చిండ్రు. నేను ఇప్పటిదాక విప్పలే."

రహీమ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ప్రిస్కిల్లా ఇంతవరకూ ఇద్దరికీ కాస్త దూరంగా నిలబడి ఉంది. ఇప్పుడు వచ్చి అత్త పక్కన కింద కూర్చుంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. అవి పోయేదాకా సత్తవ్వ ఆగింది. తర్వాత ముందుకు వంగి, మెల్లగా, బతిమాలినట్టు అంది.

"ఇంకోసారి చెప్పు. వచ్చిన కాడి సంది చెప్పు."

రహీమ్ ముఖం తుడుచుకున్నాడు.

"పొద్దుగాల తొమ్మిదైంది అమ్మా" అన్నాడు. "ఎండ ఇంక ఎక్కలే. బండి నూకుకుంట వచ్చిండు. సలాం చాచా అన్నడు..."